తొమ్మిదో బుట్ట

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. సుభాషిణి దగ్గర ఆ సామెత తిరగబడుతుంది. ఆమెను ఏదైనా అడిగినవాళ్ళు జవాబుతో పాటు నాలుగు చివాట్లు కూడా మూటగట్టుకుని పోవలసిందే. మరాఠీ గడ్డ మీది సాస్తి బొగ్గుగని కాలనీలో డిస్క్ గోల్ఫ్ గురించి తెలుసుకోవాలంటే ఆమె తప్ప వేరే దిక్కు లేదు కనుక, అందరూ ఎంతో కొంత తిన్నారు. అందరికంటే ఎక్కువ తిన్నది ఆమె తోటికోడలు రజిని.

ముందు ఆట సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట కంపెనీ స్పోర్ట్స్ ఆఫీసరు వాసేకర్ ఎక్కడికో ట్రైనింగుకు పోయి ఈ పిచ్చి అంటించుకుని వచ్చాడు. వర్క్‌షాపులో పాత పైపులకు గొలుసులు వేలాడదీయించి, వాటి కింద ఇనుప బుట్టలు వెల్డింగు చేయించి, అలాంటివి తొమ్మిది కాలనీ వెనక తుమ్మచెట్ల మైదానంలో పాతించాడు. ప్లాస్టిక్ పళ్ళెం లాంటి డిస్కును విసురుకుంటూ పోయి బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళది గెలుపు. మైదానం అంచున గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్టలున్నాయి. గాలి అటు నుంచి వస్తే ఆడేవాళ్ళ నోట్లో దుమ్ము తప్ప ఇంకేమీ మిగలదు.

మగవాళ్ళు వారం ఆడి మళ్ళీ క్రికెట్టుకు పోయారు. సుభాషిణి మాత్రం వదల్లేదు. ఇంగ్లీషు నియమాలను ఫోన్‌లో హిందీలోకి మార్చుకుని రెండుసార్లు చదివింది. ఒక్కొక్కటిగా సంచీ నిండా డిస్కులు కూడబెట్టింది. గనిలో పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే ఓవర్‌మ్యాన్ సదానందం భార్య అన్న పేరు పోయి 'డిస్క్ మేడం' అన్న పేరు వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారుగా నిలబడేది.

రజిని కోర్పనా వైపు పల్లెలో పత్తి పండించే ఇంటి పిల్ల. సదానందం తమ్ముడు నితిన్‌ను చేసుకుని నిరుడు కాలనీకి వచ్చింది. నితిన్ గని రోడ్ల మీద నీళ్ళు చల్లే ట్యాంకరు నడుపుతాడు. కాంట్రాక్టు పని, క్వార్టరు రాదు. అందుకని అన్న క్వార్టరులోనే వెనక వరండాకు రేకులు కట్టుకుని మొగుడూ పెళ్ళాలు కాపురం పెట్టారు. అద్దె లేదు. అద్దె బదులు రజిని గిన్నెలు తోమేది, నీళ్ళు పట్టేది, జొన్నరొట్టెలు కొట్టేది, అక్కా అని పిలిచే తోటికోడలి డిస్కులు కడిగి ఆరబెట్టేది. ఆ కడగడంలోనే ఆమెకు ప్రశ్నలు పుట్టుకొచ్చాయి.

"అక్కా, పళ్ళెం ఒకటుంటే సాలదా? గిన్ని ఎందుకు?"

"నీ ఇంట్ల వండనీకి గంటె ఒక్కటే ఉంటదా? గిది డ్రైవరు, దూరం పోనీకి. గిది మిడ్‌రేంజ్, నడిమిట్లకు. గిది పటర్, దగ్గరికొచ్చినంక బుట్టల ఏసుటానికి. బుర్రకెక్కిందా?"

"మరి దీని మీద నాలుగు అంకెలేందక్కా?"

"ఒకటి ఎంత జోరుగ పోతదో, ఒకటి గాల్ల ఎంతసేపు తేలుతదో, ఒకటి కుడికెంత తిరుగుతదో, ఆఖరుది ఎడమకెంత పడిపోతదో. నీకెందుకే గవన్ని? పిడకలు సరిచిన చేతులు నీయి."

రజిని నవ్వేది. ఏమన్నా నవ్వేది, అదే ఆమె కొంప ముంచింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు కదా. సుభాషిణి ఆ ప్రశ్నలను చాటుగా ఫోన్‌లో రికార్డు చేసి, కాలనీ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టింది. 'ఈరోజు మా చెల్లె అడిగిన సవాల్' అని కింద రాసేది; సవాల్ అంటే అక్కడి మాటలో ప్రశ్న. 'చెట్టు మీద ఇరికితే ఆట ఒడిసినట్టేనా', 'బుట్ట పైన ఆగితే లోపల పడ్డట్టు కాదా', 'చెప్పుల్లేకుండ ఆడొచ్చా'. నిజానికి ఆట కొత్తగా పట్టినవాళ్ళు ఎవరైనా అడిగే ప్రశ్నలే అవి. సుభాషిణి కూడా మూడేళ్ళ కిందట వాసేకర్‌ను అవే అడిగింది. కానీ పల్లెటూరి గొంతులో వినేసరికి కాలనీ అంతా పడీపడీ నవ్వింది. కూరగాయల బండి దగ్గర ఎవరో రజినికి ఆ రికార్డు వినిపించారు. ఆమె తన గొంతు తనే విని అందరితో పాటు నవ్వి, వంకాయలు ఏరుకుని ఇంటికి వచ్చింది. ఆ పూట అన్నం సరిగా తినలేదన్న సంగతి నితిన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఒకరోజు సుభాషిణికి ముచ్చట పుట్టి ఆమెను మైదానానికి తీసుకుపోయింది. కొత్తవాళ్ళకు తేలికపాటి పటరు ఇవ్వాలి; అది తిన్నగా పోతుంది, చెయ్యి మాట వింటుంది. ఆ సంగతి తెలిసే, సంచీలో ఉన్నవాటన్నింటిలో బరువైన, జోరైన డ్రైవరు తీసి చేతిలో పెట్టింది.

"పెద్దది పట్టు, మస్తు దూరం పోతది. చెయ్యి మొత్తం ఎనక్కి గుంజి, బలమున్నంత ఇసురు."

రజిని బలమున్నంతా విసిరింది. డిస్కు ముక్కు పైకెత్తి, ఎడమకు తిరిగి, మురికి కాలువలో పడింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ కాలువ. చూడవచ్చిన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఎవరో వీడియో తీశారు. సుభాషిణి గొంతు అందులో స్పష్టంగా వినబడుతుంది: "ఇసురు చెల్లే, కాలువ నిండలే ఇంకా."

అంతటితో అయిపోవలసింది. కానీ ఇంట్లో మంచినీళ్ళ కుండ మీద మూతగా ఒక పాత పటరు ఉంది. కుక్క కొరికి అంచు పాడైందని సుభాషిణి పారేస్తే, రజిని కడిగి కుండ మీద పెట్టింది. పని అయ్యాక మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ, దాన్ని తీసుకుని మైదానానికి పోయేది. బలం వాడకుండా, చెయ్యి ఛాతీకి దగ్గరగా పెట్టి, చివర మణికట్టు ఒక్కటే విదిలించేది. ఎవరూ చెప్పలేదు, ఆ పాత మూత చెప్పింది. నెల తిరిగేసరికి అది తుమ్మకొమ్మల నడుమ నుంచి నేలకు సమంగా పోయి గొలుసులకు తగలసాగింది.

ఒకరోజు సుభాషిణి ఆ చప్పుడు విని పెరటి గోడ దగ్గర నిలబడి చూసింది. గొలుసు మోగింది. డిస్కు తీసుకుని రజిని ఇంకొంచెం వెనక్కి నడిచింది. మళ్ళీ మోగింది.  మూడేళ్ళలో అంత దూరం నుంచి సుభాషిణి వరసగా రెండుసార్లు వేయలేదు.

సరిగ్గా ఆ వారమే వాసేకర్ కబురు తెచ్చాడు. కాలనీ బడిలో పిల్లలకు ఈ ఆట నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలి. పర్మనెంటు ఉద్యోగుల ఇళ్ళకు కాదు, కాంట్రాక్టు పనివాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకే. బడి కాంపౌండులో ఒక గది కూడా ఇస్తారు. తొమ్మిది బుట్టలు ఆడి గెలిచినవాళ్ళకు పని. పేర్లిచ్చింది ఇద్దరే: రజిని, భద్రావతి వైపు నుంచి వచ్చిన మరో కాంట్రాక్టు పనివాడి ఇంటి మనిషి అర్చన.

"అక్కా, గది ఇస్తరట," అంది రజిని, రొట్టె కొడుతూ. "కిటికీలకెల్లి సూసొచ్చిన. చిన్నదే గని పొయ్యి గట్టు ఉన్నది. తలుపుకు గొళ్ళెం లోపటికెల్లి పెట్టుకునేటట్టున్నది."

ఆ గొళ్ళెం మాట ఎందుకు అన్నదో సుభాషిణికి తెలుసు. రేకుల వరండాకు తలుపు లేదు, చీర అడ్డం కట్టుకున్నారు. ఏ పొద్దు ఏం కావాలన్నా సుభాషిణి ఆ చీర ఎత్తి లోపలికి తల పెట్టేది. పిలవడమెందుకు, తన ఇల్లే కదా.

ఆమెకు ఒక్కసారిగా రెండు కనబడ్డాయి. తోమని గిన్నెల కుప్ప ఒకటి. బడి పిల్లలు 'మేడం, మేడం' అంటూ రజిని వెంట పరుగెత్తడం ఇంకొకటి. మొదటిదానికి పనిమనిషిని పెట్టుకోవచ్చు. రెండోదాన్ని ఓర్చుకోవడం ఆమె వల్ల కాదు.

"పోనీ తియ్, ఆ పిల్లకో నీడ దొరుకుతది," అన్నాడు సదానందం. "నువ్వే జర మంచిగ నేర్పు."

"నేర్పనా మరి? నా చెల్లె కాదా?" అంది సుభాషిణి.

నేర్పింది కూడా. బావగారి ముందు కూర్చోకూడదు కనుక, సదానందం ఇంట్లో ఉన్నప్పుడు రజిని తలుపు చాటున నిలబడి అడిగేది. అప్పుడు వచ్చే జవాబులు నిక్కచ్చిగా ఉండేవి. డిస్కు పడ్డచోట దాని ముందు మార్కర్ పెట్టాలి, అంటే అరచేతిలో పట్టే చిన్న బిళ్ళ. బిళ్ళ పెట్టాకే డిస్కు ఎత్తాలి. బుట్ట దగ్గరికి వచ్చాక డిస్కు వేసి ముందుకు తూలకూడదు, బిళ్ళ వెనకే నిలదొక్కుకోవాలి. గుంపులో ముగ్గురైనా ఉండాలి; ఒకరు తప్పు పట్టాలి, ఇంకొకరు ఔననాలి, అప్పుడే పెనాల్టీ. సదానందం డ్యూటీకి పోయాక జవాబులు మారిపోయేవి. గాలి ఎదురుగా ఉంటే ఇంకా గట్టిగా విసరమనేది, చేతికి నొప్పి పుడితే ఆట వస్తున్నట్టు లెక్క అనేది. రజిని కొన్నాళ్ళకు ప్రశ్నలన్నీ బావ ఇంట్లో ఉన్నప్పుడే అడగడం నేర్చుకుంది. తోటికోడలు తనను మోసం చేస్తోందని కాదు. బావ ఉంటే అక్క విసుక్కోదని మాత్రమే అనుకుంది, పిచ్చిది.

పోటీనాడు ఎండ ముదరకముందే మొదలుపెట్టారు. అర్చన బక్కగా, మాట తక్కువగా ఉంది. వాసేకర్ గొడుగు, కుర్చీ తెచ్చుకుని తొమ్మిదో బుట్ట దగ్గర కూర్చున్నాడు. గుంపుకు ముగ్గురు కావాలి కనుక మూడో మనిషిగా సుభాషిణి నడిచింది. రూల్స్ తెలిసిన మనిషి మేడం ఒక్కరే అని వాసేకరే అడిగాడు. అడగకపోయినా ఆమె వచ్చేదే.

ఎనిమిది బుట్టలకు ఇద్దరూ సమానంగా వచ్చారు. రజిని కుక్క కొరికిన పటరుతోనే ఆడింది. ప్రతి బుట్ట దగ్గరా బిళ్ళ పెట్టింది, ఎత్తింది, నిలదొక్కుకుంది. పేరు పెట్టడానికి లేదు. సుభాషిణి వెనక నడుస్తూ, ఎక్కడైనా కాలు జారుతుందేమో, బిళ్ళ పక్కకు పోతుందేమో అని డేగకళ్ళు వేసుకుని చూసింది. దొరకలేదు. దొరకని కొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

తొమ్మిదో బుట్ట దూరం. అర్చన నాలుగో విసురుకు వేసింది. రజిని రెండో విసురే గాలిలో తేలి వచ్చి బుట్టకు నాలుగైదు అడుగుల్లో ఎండుటాకుల మీద వాలింది. అక్కడి నుంచి చిన్నపిల్లలైనా వేస్తారు. వేస్తే గెలుపు, గెలిస్తే గది.

రజిని ముఖం వెలిగిపోయింది. కళ్ళు గొలుసుల మీదే పెట్టి, ఎడమచేతిలో బిళ్ళతో గబగబా నడిచింది. అలా నడవడంలో ఆకుల్లో ఉన్న డిస్కుకు ఆమె బూటు తగిలింది.

మనవాళ్ళకు ఇది ఆలోచించి చేసే పని కాదు. పుస్తకమో కంచమో చేటో, అన్నం పెట్టే వస్తువు ఏదైనా, కాలు తగిలితే చెయ్యి దానంతటదే కిందికి పోతుంది. రజిని వంగి డిస్కు ఎత్తి రెండు కళ్ళకు అద్దుకుంది. అద్దుకున్నాక ఎడమచేతిలో బిళ్ళ చూసుకుంది. ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఎత్తినచోటే డిస్కును మళ్ళీ పెట్టింది.

సుభాషిణి చెయ్యి పైకెత్తింది.

"సార్, తప్పు."

ఏమైందని మరాఠీలో అడుగుతూ వాసేకర్ కుర్చీలోంచి లేచాడు. "కాయ్ ఝాలం, మేడం?"

"మార్కర్ పెట్టకుండనే ఎత్తింది."

"కాలు తాకిందక్కా, గందుకే..." అంది రజిని.

"కాలు తాకిన సంగతి నేనడుగుత లేను. బిళ్ళ పెట్టినవా, లేదా?"

"లేదు."

"రూల్ కాయ్ ఆహే?" అని నియమమేమిటో అడిగాడు వాసేకర్. అతనికి గుర్తు లేదు; ఈ ఆటలో అతని చదువు మూడేళ్ళ కిందటే ఆగిపోయింది.

సుభాషిణి దగ్గర రెండు జవాబులున్నాయి. ఆగి ఉన్న డిస్కును ఎవరైనా తెలియక కదిపితే, దాన్ని ఉన్నచోట పెట్టేస్తే చాలు, పెనాల్టీ లేదు. అది ఒకటి. ఆ పేజీ ఆమె రెండుసార్లు చదివింది, అక్షరం అక్షరం గుర్తుంది. తన కాలే తగిలి ఉంటే తనూ కళ్ళకద్దుకునేది, అదీ తెలుసు. అన్నీ తెలిసిన నోటితోనే రెండో జవాబు చెప్పింది.

"మార్కర్ లేకుండ ఎత్తితే ఒక పెనాల్టీ సార్. ఇంకొకరు ఔననాలె."

అందరూ అర్చన వైపు చూశారు.

"పోనీ తియ్ అక్కా," అంది అర్చన మెల్లగా. "నా కాలు తాకినా నేను గట్లనే జేద్దును."

"జేస్తే నీకు గూడ పడేది. నీతి ముచ్చట్లు అడగలే నిన్ను. సూసినవా, సూడలేదా? గంతే జెప్పు."

అర్చన బడి కాంపౌండు వైపు చూసింది. గది ఇక్కడికి కనబడుతుంది, సున్నం వేసిన గోడ, ఆకుపచ్చ తలుపు. ఆమె తల దించుకుంది.

"సూసిన."

వాసేకర్ కార్డు మీద గీత గీశాడు. ఇప్పుడు వేస్తే సమానం, ఇంకో బుట్ట ఆడవచ్చు; ఆట ఇంకా చేతిలోనే ఉంది. కానీ రజిని చేతులు ఆమె చేతుల్లా లేవు. బిళ్ళ పెట్టింది. వెనక నిలబడింది. ఒకసారి సుభాషిణి వైపు తిరిగింది, పక్కన అక్క ఉంటే ధైర్యం అన్నట్టు. సుభాషిణి కళ్ళు తిప్పుకోలేదు, రెప్ప వేయలేదు. డిస్కు గొలుసులకు తగిలి, ఖణేల్‌మని మోగి, బయటికి జారి నేలమీద పడింది.

ఇంటికి నడుస్తున్నప్పుడు రజినే ముందు మాట్లాడింది. "తప్పు నాదే అక్కా. నువ్వు జెప్పినవ్ గద బిళ్ళ ముందని."

"ఏడువకు. ఆటన్నంక ఓడుడు గెలుసుడు ఉంటది," అని సుభాషిణి ఆమె వీపు నిమిరింది. నాలుగడుగులు వేశాక, "పొద్దుగాల గిన్నెలు నానబెట్టినవా?" అని అడిగింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం అర్చన వెనక తలుపు దగ్గరికి వచ్చింది. ముందు గదిలో పడుకున్న సుభాషిణికి మాటలన్నీ వినబడ్డాయి.

"ఫోన్ల సూసిన రజినీ. తెల్వక కాలు తాకి కదిలిచ్చినోళ్ళకు పెనాల్టీ లేదట. ఉన్నకాడ పెడితే సాలట. నువ్వు పెట్టినవ్ గూడ."

రజిని పంపు తిప్పి గిన్నె కడగడం మొదలుపెట్టింది.

"గది మాత్రం నేను ఇడిసిపెట్టలేను," అంది అర్చన. "నాకు ఇద్దరు పిల్లలున్నరు. సామాను గూడ దెచ్చుకున్నం. చెప్పకుంటే పాపమని జెప్పిన."

"మంచిది," అంది రజిని.

అర్చన పోయింది. పాపం కడుక్కుని తేలిగ్గా పోయింది. బరువు ఇక్కడ దింపేసింది. సుభాషిణి లేచి కూర్చుని జవాబు సిద్ధం చేసుకుంది. నాకూ అంత గుర్తు లేదు, వాసేకర్‌కైనా తెలియాలి కదా, అయినా వేసేది వేసి ఉంటే ఇంకో బుట్ట ఆడేదానివి కదా అనాలి. గట్టిగానే అనాలి. రజిని చేతులు తుడుచుకుంటూ వచ్చి, రొట్టెల పిండి డబ్బా దించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కూడా అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. అది మాత్రమే కాదు, ఏదీ అడగలేదు. కూరలో కారం ఎంత, రేపేం వండాలి, గ్యాసుకు ఎవరు పోవాలి, ఒక్క మాట లేదు. చెప్పినవి చేసేది, చెప్పనివి వదిలేసేది. గ్రూపులో పెట్టడానికి సుభాషిణికి ఏమీ దొరకలేదు. కాలనీ ఆడవాళ్ళు 'మీ చెల్లె సవాల్ ఏదీ?' అని అడిగితే ఫోన్ పక్కన పడేసింది. సదానందం ఇంట్లో ఉన్నప్పుడు తలుపు చాటున ఎవరూ నిలబడలేదు.

పదిరోజులు చూసి, మౌనం భరించలేక, సుభాషిణి ఆమెను మైదానానికి రమ్మంది. ఆడటానికి కాదు, డిస్కులు ఏరడానికి. దూరాన బడి వైపు అర్చన పిల్లలను వరసలో నిలబెట్టి చెయ్యి ఎలా పట్టాలో చూపిస్తోంది. 'మేడం, మేడం' అన్న అరుపులు గాలిలో వచ్చాయి.

సుభాషిణి విసిరింది. డిస్కు ఎడమకు తిరిగి తుమ్మపొదలో పడింది. రజిని పోయి, ముళ్ళల్లో చెయ్యి పెట్టి, బయటికి తీసింది. మోచేతి మీద సన్నగా రక్తపు గీత లేచింది.

"అక్కడికెల్లే ఇసురు, నడిసి ఏం వస్తవ్!" అని అరిచింది సుభాషిణి.

రజిని ఆ దూరాన్ని నడిచే వచ్చింది. డిస్కును రెండు చేతులతో అందించింది.

"ఇసురుమన్న గదనే, ఇనబడలేదా?"

"నాకు రాదక్కా," అంది రజిని.

సుభాషిణి ఆమె ముఖంలో వెతికింది. ఏడుపు కోసం వెతికింది, ఎకసెక్కెం కోసం వెతికింది, కనీసం కోపం కోసం వెతికింది. ఏదైనా ఒకటి దొరికితే తిట్టవచ్చు, కొట్టవచ్చు, దగ్గరకు తీసుకోనూవచ్చు. ఏమీ దొరకలేదు. సంచీలోంచి ఇంకో డిస్కు తీసి, ఈసారి కావాలనే, పొద ఎక్కడ చిక్కగా ఉందో అక్కడికి గురిచూసి విసిరింది. రజిని తీసుకురావడానికి పోయింది.